తుప్పు వదిలేసిన కారు

అమెరికాలో మిచిగన్ రాష్ట్రం డియర్‌బోర్న్‌లో ఉన్న హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో తెల్లరంగు మస్టాంగ్ కన్వర్టిబుల్ ఒకటి ఉంది. దాని నంబరు 5ఎఫ్08ఎఫ్100001. పాత కార్ల సంగతి తెలిసినవాళ్లకు ఆ నంబరే సగం కథ చెప్పేస్తుంది. మొదటి 5 అంటే 1965 మోడల్. ఎఫ్ అంటే డియర్‌బోర్న్ ఫ్యాక్టరీ. 08 అంటే టాపు దించే వీలున్న బాడీ. రెండో ఎఫ్ అంటే 260 ఘనపుటంగుళాల వీ8 ఇంజిన్. మిగిలిన ఆరంకెలు వరస సంఖ్య. ఫోర్డ్ ఆ లెక్కను 100001తోనే మొదలుపెట్టింది కాబట్టి వరస ప్రకారం మస్టాంగులన్నిటికీ ఇదే పెద్దది.

మస్టాంగ్‌ను 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో లోకానికి చూపించారు. షోరూముల్లో నిలబెట్టడానికి ముందుగా పంపిన కార్లలో ఈ ఒకటో నంబరు కెనడా తూర్పు కొసన న్యూఫౌండ్‌లాండ్‌లోని సెయింట్ జాన్స్‌కు చేరింది. స్టాన్లీ టక్కర్ అనే విమాన పైలట్ దాన్ని చూసి మనసుపడి కొనేశారు. ప్రదర్శనకు పంపిన కారు అమ్ముడైపోయిందని తెలుసుకుని కంపెనీ వెనక్కి అడిగింది. ఆయన వెంటనే ఇవ్వలేదు. రెండేళ్లలో సుమారు 16 వేల కిలోమీటర్లు హాయిగా తిరిగి, 1966లో మస్టాంగుల లెక్క పది లక్షలు నిండిన సందర్భంలో తయారైన కొత్త కారును బదులుగా పుచ్చుకుని అప్పుడు వదిలారు.

ఇలాంటి కారు కనబడితే పక్కనుంచి పోయేవాళ్లు ఎందుకు ఆగిపోతారు? ఆకారం బాగుంటుందని ఒకరంటారు, కుర్రతనం గుర్తొస్తుందని ఇంకొకరంటారు. రెండూ నిజమే. పదార్థాల వైపు నుంచి చూస్తే నాకు మాత్రం ఇంకా గట్టి కారణం కనబడుతుంది. కార్లన్నిటిలోనూ ఎక్కువకాలం బతికే యోగం అతి తక్కువగా ఉన్నది కన్వర్టిబుల్‌కే. దానికి అందం తెచ్చిన ప్రతిదీ దాని ప్రాణం మీదికీ తెస్తుంది. అలాంటిది అరవయ్యేళ్ల తర్వాత కూడా ఫ్యాక్టరీలో వేసిన రంగుతో, అప్పటి రేకుతో కళ్ల ముందు నిలబడిందంటే, ఎవరో దశాబ్దాల తరబడి నీటితో, ఉప్పుతో, ఎండతో పోరాడి నెగ్గారన్నమాట. ఆ పోరాటం ఎక్కడెక్కడ జరుగుతుందో తెలిస్తే చూసే కన్ను మారిపోతుంది.

ముందు కప్పు సంగతి. కారు బలం రేకు మందంలో కంటే ఆకారంలోనే ఎక్కువ. చెప్పులడబ్బాకు మూత పెట్టి రెండు చేతులతో మెలితిప్పి చూడండి, మూత తీసి మళ్లీ తిప్పండి. అట్ట అదే, బిగువే పోయింది. ఇంజినీరింగ్ విద్యార్థులు దీన్ని లెక్కకట్టి చూపిస్తారు. 5 సెంటీమీటర్ల వ్యాసం, 1 మిల్లీమీటరు మందం ఉన్న ఉక్కు గొట్టాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క గీత కోస్తే చాలు. ఇనుము ఇంచుమించు అంతే ఉంటుంది. కానీ మెలికకు తట్టుకునే బిగువు సుమారు 1,900 వంతుల్లో ఒక వంతుకు పడిపోతుంది. మూసుకున్న ఆకారం తెరుచుకుంటే జరిగే నష్టం అంతటిది.

మస్టాంగ్‌కు లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. ఫోర్డ్ అప్పటికే అమ్ముతున్న ఫాల్కన్ అనే చవక కారు అడుగుభాగాన్నే దీనికి వాడుకున్నారు. కప్పు తీసేశాక పోయిన బిగువును కిందనుంచి రాబట్టుకోవాలి. అందుకని తలుపుల కింద పొడవునా సాగే బోలు దూలాలను, అంటే రాకర్ ప్యానెళ్లను, లోపల అదనపు రేకులు వేసి గట్టిపరిచారు. నేలకింద అడ్డపట్టీలు వెల్డ్ చేశారు. దాంతో కప్పు లేని మస్టాంగ్ కప్పున్న మస్టాంగ్ కంటే 70 కిలోల పైచిలుకు బరువెక్కి కూర్చుంది. ఇంత చేసినా గతుకుల రోడ్డు మీద స్టీరింగూ, ముందు అద్దం చట్రమూ సన్నగా వణుకుతాయి. ఆ వణుకు కన్వర్టిబుల్‌తో పుట్టిన గుణం.

ఆ వణుకును అణచడానికి జనరల్ మోటార్స్ ఇంజినీర్లు పట్టిన దారి నాకు చాలా ఇష్టం. 1967 నుంచి 1969 దాకా వచ్చిన షెవర్లే కమారో కన్వర్టిబుల్‌లో నాలుగు మూలలా నాలుగు ఇనుప డబ్బాలు బిగించారు. ఒక్కోటీ పది కిలోల పైనే తూగుతుంది. లోపల స్ప్రింగుల మీద ఊగే దిమ్మ, దాని చుట్టూ నూనె. మెకానిక్కులు వాటిని కాక్‌టెయిల్ షేకర్లు అంటారు. బాడీ ఏ వేగంతో వణకడానికి ఇష్టపడుతుందో ఆ వేగానికే దిమ్మనూ శ్రుతి చేస్తారు. బాడీ ఇటు ఊగితే దిమ్మ అటు ఊగుతుంది, ఊపులోని శక్తిని నూనె వేడిగా మార్చేస్తుంది. తైవాన్‌లో తైపే 101 భవనం పైఅంతస్తుల్లో వేలాడే 660 టన్నుల ఉక్కు గోళం చేసేదీ ఇదే పని. బరువు తగ్గి కారు వేగం పెరుగుతుందని ఆ డబ్బాలు ఊడదీసి పారేసినవాళ్లున్నారు. నాలుగూ చోటు కదలకుండా ఉన్న కమారో కనబడితే, ఆ కారు ఆలోచనాపరుల చేతుల్లో పెరిగిందని అర్థం.

టాపు దించి వెళుతుంటే జుట్టు వెనక్కి ఎగురుతుందని సినిమాలు చూపిస్తాయి. కార్లో కూర్చున్నవాళ్లకు తెలుసు, చాలాసార్లు జుట్టు ముందుకు వచ్చి మొహాన పడుతుంది. ముందు అద్దం పై అంచు దాటిన గాలి అక్కడితో వాహనాన్ని విడిచిపెట్టి మీదుగా దూసుకుపోతుంది. దాని కింద, సీట్ల దగ్గర పీడనం తగ్గుతుంది. ఆ చోటు నింపడానికి వెనకనుంచి గాలి సుడి తిరిగి ముందుకొస్తుంది. కాబట్టి మెడకు తగిలే గాలి నిజానికి డిక్కీ వైపు నుంచి వస్తున్నది. టాపు వేసుకుంటే ఇంకో రకం ఆట మొదలవుతుంది. గుడ్డమీదుగా పోయే గాలి వేగం పెరిగి అక్కడ పీడనం తగ్గుతుంది, లోపలి గాలి నిలకడగా ఉంటుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగం దగ్గర రెండు చదరపు మీటర్ల టాపును కిందనుంచి నలభై యాభై కిలోల బలంతో తోసినట్టు అవుతుందని ఉజ్జాయింపుగా లెక్క తేలుతుంది. అందుకే వేగం పెరిగేకొద్దీ టాపు బుడగలా ఉబ్బుతుంది, కుట్లు సాగుతాయి, అద్దాల అంచుల్లోంచి వాన లోపలికి చొరబడుతుంది.

చప్పుడు సంగతి కాస్త నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే అమెరికన్ కన్వర్టిబుల్ రుచి సగం అక్కడే ఉంది. మస్టాంగ్ 260 ఇంజిన్‌లో ఎనిమిది సిలిండర్లు, కుడివైపు 1 నుంచి 4, ఎడమవైపు 5 నుంచి 8. అవి మండే వరస 1, 5, 4, 2, 6, 3, 7, 8. మొత్తంగా చూస్తే ప్రతి 90 డిగ్రీలకూ ఒక పేలుడు, గడియారమంత క్రమంగా ఉంటుంది. ఒక్కో వైపే చూస్తే క్రమం చెదిరిపోతుంది. 4 వెనకాలే 2 మండుతుంది, రెండూ కుడివైపువే. 7 వెనకాలే 8, రెండూ ఎడమవే. కుడి వరస పేలుళ్ల మధ్య ఎడం 180, 90, 180, 270 డిగ్రీలుగా మారుతూ పోతుంది. రెండు వైపులా విడివిడిగా సైలెన్సర్లున్న కారులో ఈ ఎగుడుదిగుడు లయ కలిసిపోకుండా బయటికొస్తుంది. ఇంజిన్ నిమిషానికి 600 చుట్లతో మెల్లగా తిరుగుతున్నప్పుడు సెకనుకు 40 పేలుళ్లు, మొత్తం వరస సెకనుకు 5 సార్లు తిరిగి వస్తుంది. 40 సార్లన్నది చెవికి ఒక మంద్రస్వరంగా వినిపిస్తుంది. 5 సార్లన్నది స్వరం కాదు, విడివిడి దెబ్బలుగానే తెలుస్తుంది. ఈ రెండూ ఒకేసారి చెవినపడితే పుట్టేదే ఆ గుడగుడ. నాలుగు క్రాంకులనూ ఒకే తలంలో కాకుండా అడ్డంగా నిలువుగా అమర్చిన ఈ పద్ధతిని క్యాడిలాక్ 1924 మోడల్ కారులోనే తెచ్చింది. ఇంజిన్ కుదుపు తగ్గించడం వాళ్ల ఉద్దేశం, ఈ లయ దాని వెంట వచ్చిన కానుక. టాపు దించితే ఆ చప్పుడుకూ మనకూ మధ్య అడ్డేమీ ఉండదు.

ఇక అసలు శత్రువు, తుప్పు. తడిసిన ఇనుము మీద ఒకచోట అణువులు ఎలక్ట్రాన్లను వదిలేస్తాయి, పక్కనే మరోచోట నీరూ ఆక్సిజనూ కలిసి వాటిని అందుకుంటాయి. ఆ మధ్యలో నీటిగుండా విద్యుత్తు సాగాలి. మంచినీరైతే నెమ్మదిగా సాగనిస్తుంది, ఉప్పునీరు పరిగెత్తిస్తుంది. అల్యూమినియం ఆక్సైడ్ లోహాన్ని అంటుకుని కాపాడుతుంది. ఇనుప తుప్పుకు ఆ గుణం లేదు. అది ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమించి, గుల్లబారి, రంగును లేవగొట్టి, అడుగున కొత్త ఇనుమును గాలికి బయటపెడుతుంది. విశాఖ బీచ్‌రోడ్డు పక్క ఇళ్లలో కిటికీ ఊచల గతి చూసినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. ఉత్తర అమెరికాలో సముద్రం లేనిచోట కూడా ఆ ఉప్పు ఉంటుంది, చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లుతారు. డెట్రాయిట్ నగరం అడుగున 350 మీటర్ల లోతున పెద్ద ఉప్పుగని ఉంది. దేశానికి కార్లు కట్టిన ఊరు, వాటిని కొరికి తినే ఉప్పునూ తన కిందే పెట్టుకుంది.

కన్వర్టిబుల్‌కు తుప్పు రెండింతల దెబ్బ. మామూలు కారులో రాకర్ ప్యానెల్ తుప్పుపడితే అసహ్యంగా కనబడుతుంది, కప్పు ఇంకా బరువు మోస్తూనే ఉంటుంది. కన్వర్టిబుల్‌లో నడుము అదే. ఆ బోలు దూలంలోకి టాపు కుట్లగుండా, తలుపుల అద్దాల పక్కగా దిగిన నీరు చేరుతుంది. బయటి రంగు మెరుస్తూనే ఉంటుంది, లోపల్నుంచి రేకు పల్చబడుతుంది. మస్టాంగ్‌కు ఇంకో మర్మస్థానం ఉంది. ముందు అద్దం కింద, బోనెట్ వెనకాల గాలి తీసుకునే సన్నటి చీలికలు వరసగా ఉంటాయి. ఆకులూ మట్టీ అందులోంచి పడి లోపలి తొట్టెలో పేరుకుని తడిని పట్టి ఉంచుతాయి. అనుభవమున్నవాళ్లు కొనేముందు అక్కడ చెంబుడు నీళ్లు పోసి, డాష్‌బోర్డు కింద దూరి కాళ్లు పెట్టుకునే చోట కార్పెట్ తడిమి చూస్తారు. చేతికి తడి తగిలితే బేరం అక్కడితో ఆగుతుంది.

అయితే కారును ఎవరికీ అందకుండా దాచేస్తే సరిపోదా? ఓక్లహామా రాష్ట్రం టల్సా నగరవాసులు ఆ ప్రయత్నం చేశారు. 1957 జూన్‌లో కొత్త ప్లిమత్ బెల్వెడీర్ కారును రక్షణ పొరల్లో చుట్టి కోర్టు ఆవరణలో కాంక్రీటు గదిలో పాతిపెట్టారు. అది కన్వర్టిబుల్ కాదు, రెండు తలుపుల హార్డ్‌టాప్. అణుబాంబు పడినా తట్టుకునేలా ఆ గదిని కట్టామన్నారు. 50 ఏళ్ల తర్వాత, 2007 జూన్‌లో జనమంతా చూస్తుండగా తెరిస్తే గదిలో నీళ్లు. పైకి తీసిన కారు తుప్పుముద్ద. అదే ఏడాది తయారై, రోడ్ల మీద తిరిగి, వారానికోసారి తుడిపించుకుని, పొడిగా ఉండే గ్యారేజీలో రాత్రిళ్లు గడిపిన బెల్వెడీర్లు ఈనాటికీ నడుస్తున్నాయి. కారును కాపాడేది మూత కాదు, మనిషి మాటిమాటికీ పెట్టే చెయ్యి.

ఆ చెయ్యికి కూడా ఇబ్బందులున్నాయి. గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుముకు కష్టం. బాగా ఎండిపోతే సీట్ల తోలుకు కష్టం, పగుళ్లు తేలుతుంది. కాబట్టి 50 శాతం అటూ ఇటూగా ఉంచి రెండింటినీ ఒప్పించాలి. ఎరిజోనా ఎడారిలో పడి ఉన్న కారుకు తుప్పు దాదాపు ఉండదు. కానీ అక్కడి ఎండలోని అతినీలలోహిత కిరణాలు డాష్‌బోర్డును చీల్చేస్తాయి. మనం రెక్సిన్ అనే సరుకు, టాపుకు వాడేదీ అదే, పీవీసీ. సహజంగా అది పెళుసు. మెత్తగా వంగడానికి అందులో నూనెలాంటి రసాయనాలు కలుపుతారు. ఏళ్లు గడిచేకొద్దీ అవి ఆవిరై పోతుంటాయి. కొత్త కారు అద్దం లోపలివైపు పట్టే మసక పొర కొంత ఇదే. అవి పోయాక టాపు బిగుసుకుని కుంచించుకుపోతుంది. వెనక కిటికీకి కుట్టిన పారదర్శకమైన ప్లాస్టిక్ కూడా పీవీసీయే. ఎండకు దాని అణువుల్లోంచి హైడ్రోజన్ క్లోరైడ్ ఊడిపోయి, మిగిలిన గొలుసు నీలికాంతిని మింగడం మొదలుపెడుతుంది, కిటికీ పసుపు పచ్చబడుతుంది. టాపును దించి నెలల తరబడి వదిలేస్తే మడతల్లో బీటలొస్తాయి, తడిమీద మడిస్తే బూజు పడుతుంది. ఎండలో తిరగడానికి పుట్టిన కారును టాపు ఎత్తి, ఆరబెట్టి, నీడలో పెట్టినవాళ్లకే అది మిగిలింది.

టాపును ఎత్తే యంత్రంతో కూడా వ్యవహారం సాఫీగా సాగదు. మోటారు, పంపు, రెండు హైడ్రాలిక్ సిలిండర్లు ఉంటాయి. మొదట్లో ఆ పంపుల్లో బ్రేక్ ఆయిల్ పోసేవారు. అది కారితే రంగును తినేస్తుంది, అందుకే తర్వాత గేర్‌బాక్సుల్లో వాడే ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌కు మారారు. 1957 నుంచి 1959 దాకా ఫోర్డ్ చేసిన స్కైలైనర్‌లో ఏకంగా ఇనుప కప్పే మడతపడి డిక్కీలోకి దిగేది. దానికి వాడిన వైరు పొడవు 610 అడుగులు. ఆ కప్పు ఇప్పటికీ ఆగకుండా దిగే స్కైలైనర్ ఎదురైతే దాని యజమానికి నమస్కారం పెట్టాలనిపిస్తుంది.

తళతళల వెనక ఉన్నదీ చూద్దాం. బంపర్ మీద క్రోమియం పొర మందం అర మైక్రాన్ కూడా ఉండదు. దానికింద నికెల్, చాలాచోట్ల దానికీ కింద రాగి. ఇనుముకు గట్టి రక్షణ నికెల్‌దే. క్రోమియం తన ఆక్సైడ్ పొరతో ఆ నికెల్ మాసిపోకుండా చూస్తుంది. ఎక్కడైనా సూదిమొనంత రంధ్రం కిందిదాకా పడితే తుప్పు చుక్క పైకి తేలుతుంది. ఇక రంగు. జనరల్ మోటార్స్ 1924 మోడల్ ఓక్‌లాండ్ కారుకు డుకో అనే నైట్రోసెల్యులోజ్ లక్కర్ వేసింది. అంతకుముందు వార్నిష్ రంగులు ఆరడానికి వారాలు పట్టేది. తర్వాత దాని చోటును అక్రిలిక్ లక్కర్ ఆక్రమించింది, ఫోర్డ్ మాత్రం కాల్చి ఆరబెట్టే ఎనామెల్ వైపు వెళ్లింది. ఈనాటి కార్లకున్నట్టు వాటి మీద రంగులేని పైపూత ఉండేది కాదు. అందుకే పాత ఎర్ర కారును పాలిష్ చేస్తే గుడ్డకు ఎరుపు అంటుకుంటుంది. అంటుకున్నది మురికి కాదు, కారు రంగే. ప్రతి పాలిష్‌కూ కొంత రంగు శాశ్వతంగా పోతుంది. మూలల దగ్గర అడుగు ప్రైమర్ తొంగిచూస్తున్న కారుంటే, దాన్ని ఎంతో ప్రేమగా, అవసరానికి మించి రుద్దారని తెలుస్తుంది.

అందుకే కొత్తగా రంగు వేయించి అద్దంలా మెరిపించిన కారు కంటే, కాస్త వెలిసినా ఫ్యాక్టరీ రంగుతోనే ఉన్న కారుకే నేను ఎక్కువ గౌరవమిస్తాను. పూర్తిగా విప్పి బాగుచేసిన కారు ఇవాళ్టి పనివాడి నైపుణ్యాన్ని చూపిస్తుంది. విప్పని కారు ఆనాటి ఫ్యాక్టరీని చూపిస్తుంది. ఇంజిన్ వెనక గోడ మీద తనిఖీదారు క్రేయాన్‌తో గీసిన గుర్తు, బిగించాననడానికి బోల్టు మీద వేసిన రంగుచుక్క, తొందరలో ఒకచోట పల్చబడిన పెయింటు, ఇవన్నీ ఒక్కసారి రుద్దేస్తే మళ్లీ రావు. అమెరికాలో పాతకార్ల సంఘాలు ఇలాంటి వాటికి విడిగా ఒక తరగతి పెట్టి బహుమతులివ్వడం నాకు చాలా సబబుగా తోస్తుంది.

జ్ఞాపకాల పాత్రను కొట్టిపారేయలేం. పదేళ్ల వయసు నుంచి ముప్పై లోపు జరిగినవే మనుషులకు పెద్దయ్యాక ఎక్కువగా గుర్తుంటాయని మానసిక శాస్త్రవేత్తలు గమనించారు. ఆ వయసులో చూసిన కారు మనసులో అలాగే ఉండిపోతుంది. పైగా 1960ల చివరి నుంచి ఏసీ కార్లు, హైవే వేగాలు, బోల్తా పడినప్పటి భద్రత మీద కొత్త నిబంధనలొస్తాయన్న భయం కలిసి కన్వర్టిబుల్స్‌ను దాదాపు తుడిచిపెట్టాయి. 1976లో క్యాడిలాక్ ఎల్డొరాడోను ఆఖరి అమెరికన్ కన్వర్టిబుల్‌గా ప్రకటించి 14 వేలు చేశారు. వాటిలో చివరి 200 ఒకే తీరు తెల్లకార్లు. తీరా 1982 మోడల్‌గా క్రైస్లర్ లెబారన్ రావడంతో ఆ ఆఖరి మాట నిలబడలేదు. కానీ 5.7 మీటర్ల పొడవు, ఆకాశానికి లేచిన తోకరెక్కలు, రెండు టన్నులకు పైబడ్డ బరువు ఉన్న 1959 క్యాడిలాక్ లాంటిది తర్వాత ఎవరూ కట్టలేదు.

వీటిని మ్యూజియం తాళ్ల అవతల కాకుండా నడుస్తుండగా చూడాలంటే ఆగస్టు మూడో శనివారం మంచి రోజు. 1995 నుంచి డెట్రాయిట్ శివార్లలో వుడ్‌వార్డ్ అవెన్యూ మీద పాతకార్ల ఊరేగింపు జరుగుతోంది. ఆ చుట్టుపక్కల ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్ ఊళ్లలో కార్ల కంపెనీల్లో పనిచేసే తెలుగువాళ్లు బోలెడంతమంది. పిల్లల దగ్గరికి వేసవికి వెళ్లిన అమ్మానాన్నలు తప్పక చూడదగ్గ సంబరం. రోడ్డు పక్కన టాపు దించి నిలిపిన కారు దగ్గరికి వెళ్లి మొదట తలుపు వెనక అంచును చూడండి. కింద ఎంత సందుందో పైనా అంతే ఉంటే నడుము గట్టిదే. పైకి పోయేకొద్దీ సందు సన్నబడితే రాకర్ ప్యానెల్ లోపల తిన్నది తినగా కారు మధ్యలో కుంగుతోందన్నమాట. ఆ సందు సమంగా ఉన్న కారు యజమానిని, చలికాలంలో దీన్ని ఎక్కడ పెడతారని అడగండి. వినే ఓపిక ఉండాలే గానీ ఆయన గంటసేపు చెబుతారు.